గుండె లయలో తేడా ఉన్నవాళ్లకు మత్తు, కండరాలు సడలించే మందు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కర్నూలులో మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్‌కు ముందు చెకప్‌కు వచ్చేవాళ్లలో ఆదోని, ఎమ్మిగనూరు, గుత్తి, తాడిపత్రి, ప్రొద్దుటూరు వైపు నుంచి వచ్చేవాళ్లు చాలామంది. ఈసీజీలో తేడా ఉందన్న ఒక్క మాట చెవిన పడితే చాలు, సగం ప్రాణం పోయినట్టై నా ముందు కూర్చుంటారు. పిత్తాశయంలో రాళ్ల కన్నా, గర్భసంచి ఆపరేషన్ కన్నా మత్తు గురించే వాళ్లకు టెన్షన్. వాళ్లు అడిగేవీ, నేను చెప్పేవీ ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. మీ మాత్రల్లో ఏది ఆపాలి, ఏది వేసుకోవాలి అనేది మిమ్మల్ని చూసిన డాక్టరే తేల్చాలి. ఇది చదివి మీరే నిర్ణయించుకోవద్దు.

మత్తు అంటే నిద్రపుచ్చడమే కదా, మళ్లీ కండరాల మందు ఎందుకు?

పూర్తి మత్తులో మూడు పనులు జరగాలి. మనిషి నిద్రపోవాలి, నొప్పి తెలియకూడదు, కండరాలు వదులవ్వాలి. ఒక్కోదానికి ఒక్కో మందు ఉంటుంది. పొట్ట కండరాలు బిగిసి ఉంటే సర్జన్‌కు లోపల చెయ్యి ఆడదు. ఊపిరి గొట్టం వేయాలన్నా గొంతు వదులుగా ఉండాలి. కండరాలు సడలితే ఊపిరి పీల్చే కండరాలూ ఆగిపోతాయి కాబట్టి, ఆ మందు పనిచేసినంతసేపూ మిషన్‌తో ఊపిరి ఇస్తాం. మత్తు డాక్టరు మీ తల దగ్గరే నిలబడి ఉండేది అందుకే.

ఈ మందుల పుట్టుక దక్షిణ అమెరికా అడవుల్లో. అక్కడి వేటగాళ్లు బాణాలకు పూసుకునే క్యురారే అనే విషం నుంచి వచ్చాయి. 1942 జనవరి 23న కెనడాలోని మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ అనే ఇద్దరు డాక్టర్లు దాన్ని ఒక ఆపరేషన్‌లో మత్తుతో కలిపి ఇచ్చారు. ఆ తర్వాతే అందరూ ధైర్యం చేశారు. అంతకు ముందు కండరాలు వదులవ్వాలంటే ఈథర్‌ను చాలా ఎక్కువగా పీల్పించాల్సి వచ్చేది, అంత లోతైన మత్తు గుండెకూ ఊపిరికీ భారం. కండరాల మందు వచ్చాక తక్కువ మత్తుతోనే పని జరుగుతోంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఇది పెద్ద మేలు.

కండరాలను పడేసే మందు గుండెను కూడా ఆపేస్తుందా? గుండె కూడా కండరమే కదా?

బాగా అడిగే ప్రశ్న ఇది. ఆపదు. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు నరం నుంచి వచ్చే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం అందితేనే కదులుతాయి. ఈ మందులు ఆ రసాయనం వాలే చోటును మూసేస్తాయి. గుండెకు నరం ఆజ్ఞ అక్కర్లేదు, దాని లోపలే కరెంటు పుట్టి కొట్టుకుంటుంది. గుండెలో ఎసిటైల్‌కోలిన్ వాలే చోట్లు వేరే రకంవి, అవి వేగం తగ్గించడానికే పనికొస్తాయి.

చిక్కు ఎక్కడంటే, ఈ మందుల్లో కొన్ని ఆ రెండో రకం చోట్లను కూడా తాకుతాయి. అప్పుడు నాడి వేగం తగ్గవచ్చు, పెరగవచ్చు. ఏ మందు ఎటు లాగుతుందో మాకు ముందే తెలుసు. మీ గుండె ఎటు జారే రకమో కూడా తెలిస్తే సరిపోయే మందును ఎంచుకోవచ్చు.

ఏ మందు ఏం చేస్తుంది?

సక్సినైల్‌కోలిన్‌ను మేం స్కోలిన్ అంటాం. నిమిషంలో పనిచేస్తుంది, 5 నుంచి 10 నిమిషాల్లో దిగిపోతుంది. కడుపు నిండా అన్నం ఉన్నప్పుడు, అర్జెంటు సిజేరియన్‌లో త్వరగా గొట్టం వేయాలంటే ఇది బాగా ఉపయోగపడుతుంది. కానీ ఎసిటైల్‌కోలిన్ అణువులు రెండు జతకడితే అదే ఈ మందు. కాబట్టి గుండె వేగాన్ని తగ్గించే గుణం దీనికి ఉంది. చిన్నపిల్లల్లోనూ, కొద్ది నిమిషాల తేడాతో రెండో డోసు ఇచ్చినప్పుడూ నాడి బాగా పడిపోవచ్చు. నాడిని పెంచే అట్రోపిన్ మందును సిరంజిలో నింపి పక్కనే పెట్టుకుంటాం.

రెండో సంగతి పొటాషియం. మామూలు మనిషిలో స్కోలిన్ వల్ల రక్తంలో పొటాషియం లీటరుకు సుమారు 0.5 యూనిట్లు పెరుగుతుంది. అది పెద్ద విషయం కాదు. కానీ ఒళ్లు కాలి ఒకటి రెండు రోజులు దాటినవాళ్లు, పక్షవాతంతో కాలు చెయ్యి పడిపోయినవాళ్లు, వెన్నుపూస దెబ్బతిన్నవాళ్లు, వారాల తరబడి ఐసీయూలో కదలకుండా పడుకున్నవాళ్లు, కండరాల క్షీణత ఉన్న మగపిల్లలు, వీళ్లలో పొటాషియం ఒక్కసారిగా ఎగబాకి గుండె అదుపు తప్పి ఆగిపోవచ్చు. గుండె జబ్బు లేనివాళ్లకు కూడా ఇది జరుగుతుంది. అందుకే "మా నాయనకు మూడు నెలల కింద పక్షవాతం వచ్చింది, ఇప్పుడు పరవాలేదు" అనే మాటను దయచేసి దాచవద్దు.

పాంక్యురోనియం నాడిని పరుగెత్తిస్తుంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తేడా ఉన్నవాళ్లకు దాని జోలికి పోను. అట్రాక్యురియం శరీరంలో తనంతట తానే విడిపోతుంది కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మంచిది, అయితే త్వరగా ఎక్కిస్తే ఒళ్లు ఎర్రబడి బీపీ తగ్గి దడ రావచ్చు. నెమ్మదిగా ఇవ్వాలి. వెక్యురోనియం, రోక్యురోనియం, సిస్‌అట్రాక్యురియం గుండె విషయంలో నెమ్మదస్తులు. లయ తేడా ఉన్నవాళ్లకు నా చెయ్యి ముందు వెళ్లేది వీటి మీదికే.

మరి ఆపరేషన్ అయ్యాక ఆ మందు ప్రభావం ఎలా పోతుంది?

లయ తేడా ఉన్నవాళ్ల విషయంలో మందు ఇవ్వడం కన్నా, తిప్పికొట్టే ఈ ఘట్టంలోనే నేను ఎక్కువ జాగ్రత్తగా ఉంటాను.

మామూలుగా నియోస్టిగ్మిన్ ఇస్తాం. అది ఎసిటైల్‌కోలిన్‌ను పెంచుతుంది, కండరాలకు బలం వస్తుంది. కానీ ఆ పెరిగిన రసాయనం గుండె మీద కూడా పడి వేగాన్ని బాగా తగ్గిస్తుంది. దానికి విరుగుడుగా గ్లైకోపైరోలేట్ కలిపి ఇస్తాం, అది వేగాన్ని పైకి లాగుతుంది. ఒకటి కిందికి, ఇంకొకటి పైకి. ఆరోగ్యంగా ఉన్న గుండెకు ఈ లాగుడు తెలియదు. హార్ట్ బ్లాక్ (గుండె లోపలి కరెంటు దారిలో అడ్డంకి) ఉన్నవాళ్లకు, కింద చెప్పబోయే లాంగ్ క్యూటీ ఉన్నవాళ్లకు, గుండె మార్పిడి జరిగినవాళ్లకు మాత్రం తెలుస్తుంది.

సుగమ్మడెక్స్ అనే ఇంకో మందు ఉంది. రోక్యురోనియం, వెక్యురోనియం అణువులను ఇది నేరుగా చుట్టేసి బంధిస్తుంది. ఎసిటైల్‌కోలిన్‌తో దీనికి పని లేదు. అందుకే లయ తేడా ఉన్నవాళ్లకు, ఖర్చు భరించగలిగితే, ఇదే నాకు ఇష్టం. నియోస్టిగ్మిన్ కన్నా ధర ఎక్కువే. దీనికీ అరుదుగా నాడి పడిపోవడం, అలర్జీ రావడం ఉన్నాయి, కాబట్టి మానిటర్ మీంచి కన్ను తీయం. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లు ఇది తీసుకుంటే తర్వాత 7 రోజులు వేరే జాగ్రత్త కూడా పాటించాలి. ఈ మాట డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి.

బలం పూర్తిగా వచ్చిందో లేదో చేతి నరం మీద చిన్న కరెంటు తాకించి కొలిచే మిషన్ ఉంది. వరుసగా నాలుగు సార్లు తాకిస్తే, నాలుగో కదలిక మొదటిదానిలో కనీసం 0.9 వంతు ఉండాలి. అలా కొలవకుండా "తల ఎత్తుతున్నాడు, చాల్లే" అని గొట్టం తీస్తే, మిగిలిపోయిన బలహీనత వల్ల ఊపిరి సరిగ్గా ఆడక ఆక్సిజన్ తగ్గుతుంది. గుండె దడకు అదొక పెద్ద కారణం.

నాకు దడ ఉంది. ఎంత భయపడాలి?

ఏ దడ అన్నదాన్ని బట్టి ఉంటుంది.

అప్పుడప్పుడు ఒక బీటు తప్పినట్టు అనిపించడం, ఈసీజీలో ఎక్స్‌ట్రా బీట్స్ కనిపించడం చాలామందిలో ఉండేదే. ఎకోలో (గుండె స్కాన్‌లో) గుండె బాగుంటే ఆపరేషన్ ఆపే పని లేదు.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పై గదులు ఒక క్రమం లేకుండా అదురుతుంటాయి. మన వైపు ఇది రెండు రకాలవాళ్లలో చూస్తాను. ఒకరు బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్లు. ఇంకొకరు చిన్నప్పుడు కీళ్లవాతపు జ్వరం వచ్చి మైట్రల్ వాల్వు సన్నబడిన ఆడవాళ్లు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కోసం వస్తే అప్పుడు బయటపడుతుంది. వాల్వు సన్నగా ఉన్నప్పుడు నాడి పరుగెత్తితే గుండె నిండడానికి సమయం చాలదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఇంతమాత్రం ఆపరేషనే అని తేలిగ్గా తీసుకోకూడనిది ఇక్కడే. నాడి కుదురుకునే వరకు ఆగాలి, ఎకో చూడాలి.

హార్ట్ బ్లాక్‌లో మొదటి రకం నిరపాయం. పూర్తి బ్లాక్ ఉంటే, లేదా బీట్లు తప్పుతూ కళ్లు తిరిగి పడిపోయే రకం ఉంటే, ముందు తాత్కాలికంగానో శాశ్వతంగానో పేస్‌మేకర్ పెట్టాకే మత్తు.

పుట్టుకతో అదనపు కరెంటు దారి ఉండే డబ్ల్యూపీడబ్ల్యూ వాళ్లకు నాడిని పరుగెత్తించే కెటమిన్, పాంక్యురోనియం లాంటివి వాడం.

లాంగ్ క్యూటీ గురించి మాత్రం విడిగా చెప్పాలి.

లాంగ్ క్యూటీ అంటే ఏమిటి? ఇంట్లో ఎవరికైనా ఉందని ఎలా తెలుస్తుంది?

ప్రతి బీటు తర్వాత గుండె కరెంటు మళ్లీ సిద్ధం కావడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయం మరీ ఎక్కువైతే ఉన్నట్టుండి ప్రమాదకరమైన లయలోకి జారిపోతుంది. బయటికి మనిషి పూర్తి ఆరోగ్యంగా కనిపిస్తాడు. పరుగెత్తినప్పుడో, ఈతకు దిగినప్పుడో, గట్టి శబ్దానికి ఉలిక్కిపడినప్పుడో పడిపోతాడు. చాలా ఇళ్లలో దాన్ని మూర్ఛ అనుకుని ఏళ్ల తరబడి మూర్ఛ మాత్రలు ఇస్తుంటారు. చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు, ఈత వచ్చి కూడా బావిలో మునిగిపోయినవాళ్లు మీ వంశంలో ఉంటే చెప్పండి.

ఇంకొకటి నన్ను బాగా కలవరపెట్టే సంగతి. 1957లో జెర్వెల్, లాంగే నీల్సన్ అనే ఇద్దరు డాక్టర్లు నార్వేలో ఒక కుటుంబం గురించి రాశారు. పుట్టు చెవుడు ఉన్న నలుగురు పిల్లల్లో ముగ్గురు హఠాత్తుగా చనిపోయారు. పుట్టు చెవుడూ లాంగ్ క్యూటీ కలిసి వచ్చే జబ్బు అది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపం అందితేనే వస్తుంది, కాబట్టి దగ్గర సంబంధాల్లో పెళ్లిళ్లు జరిగే చోట అవకాశం ఎక్కువ. మన సీమలో మేనరికాలు ఎన్నో నేను చెప్పక్కర్లేదు. పుట్టుకతో వినపడని బిడ్డకు కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల వినికిడి పరికరం అమర్చే) ఆపరేషన్ అనుకుంటే, మత్తుకు ముందు ఒక్క ఈసీజీ తీయించండి. తక్కువ ఖర్చుతో, ఐదు నిమిషాల్లో అయిపోయే పని.

ఉందని తెలిస్తే మత్తు ఇవ్వలేమా? ఇవ్వగలం. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర ఆపకుండా, పొటాషియం, మెగ్నీషియం సరిచూసి, బిడ్డను ఏడిపించకుండా, నెమ్మదైన మందులతో పని చేస్తాం. వాంతులకు అలవాటుగా ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ మానేస్తాం. గ్యాస్ మాత్రతో కలిసి వచ్చే డోంపెరిడోన్, అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఫ్లుకోనజోల్ కూడా వీళ్లకు పడవు. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే అలవాటు వీళ్ల ఇళ్లలో పూర్తిగా మానాలి.

మేం ఆర్యవైశ్యులం. మత్తు విషయంలో మాకు ప్రత్యేకంగా ఏదో ఉందంటారు, నిజమా?

నిజమే. మీ తప్పేమీ లేదు, గుండె జబ్బు కూడా కాదు. స్కోలిన్‌ను రక్తంలో కరిగించే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే దాదాపు ఉండదు. తెలుగు నాట ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువ. తరతరాలుగా కులం లోపలే, గోత్రం చూసుకుని, సంబంధాలు చేసుకోవడం వల్ల ఎప్పటి పూర్వీకుడిదో ఒక మార్పు అలా నిలిచిపోయింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకుని 2017లో వెలువరించిన పరిశోధనలో దీని ప్రస్తావన ఉంది.

మామూలుగా పది నిమిషాల్లో దిగిపోవాల్సిన మందు వీళ్లలో గంటల తరబడి ఉంటుంది. ఆపరేషన్ అయిపోయినా ఊపిరి రాదు. బయట కూర్చున్నవాళ్లు తల్లడిల్లిపోతారు. మిషన్ మీద ఊపిరి ఇస్తూ, నిద్రలోనే ఉంచితే మందు దానంతట అదే దిగిపోతుంది, శాశ్వతమైన నష్టం ఉండదు. కానీ లయ తేడా కూడా ఉన్నవాళ్లకు ఆ గంటలు మంచివి కావు. ప్రొద్దుటూరు, నంద్యాల, ఆదోని వైపు నుంచి వచ్చినప్పుడు ఇంటిపేరు చూసి నేనే అడుగుతాను. అడగని చోట మీరే చెప్పండి: "మా ఇంట్లో ఫలానావాళ్లకు మత్తు త్వరగా దిగలేదు." ఎంజైము ఎంత ఉందో రక్తపరీక్షలో తెలుస్తుంది. లోపం ఉందని తేలితే స్కోలిన్ బదులు రోక్యురోనియం వాడతాం, అంతే. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకోండి. తోడబుట్టినవాళ్లకు కూడా పరీక్ష చేయించండి.

పురుగుమందు కొట్టే పని చేస్తాం. అది కూడా చెప్పాలా?

చెప్పాలి. వేరుశనగ, పత్తి, మిరప పొలాల్లో కొట్టే మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి మందులు పైన చెప్పిన ఎంజైమునే చంపేస్తాయి. గాలికి ఎదురుగా నిలబడి కొట్టి, ఒళ్లు తడిసి, వాంతులు, కళ్లు మసకలు వచ్చిన మనిషికి ఆ వారంలోనే ఆపరేషన్ పడితే స్కోలిన్ ఎక్కువసేపు ఉండిపోతుంది. ఆ విషం నాడిని తగ్గిస్తుంది, క్యూటీని కూడా పొడిగిస్తుంది. ఎంజైము మళ్లీ పూర్తిగా రావడానికి వారాలు పడుతుంది.

ఏదో బాధలో పురుగుమందు తాగి బతికి బయటపడినవాళ్లు ఉంటారు. ఆ మాట నలుగురిలో చెప్పుకోలేరు. ఇంటివాళ్లను బయటికి పంపమని అడగండి, పంపుతాం. మాకు కావలసింది ఎప్పుడు జరిగిందన్న తేదీ ఒక్కటే. తప్పు పట్టడానికి అడగం.

గుండె మాత్రలు ఆపరేషన్ రోజు వేసుకోవచ్చా?

మెటోప్రొలాల్, అటెనొలాల్, బిసోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు రోజూ వాడుతున్నవాళ్లు ఆ రోజు పొద్దున కూడా ఒక గుక్క నీళ్లతో వేసుకోవాలి. ఉన్నట్టుండి ఆపితే దడ రెట్టింపై తిరిగొస్తుంది. అయితే ఇంతవరకూ వాడనివాళ్లకు ఆపరేషన్ రోజున ఎక్కువ మోతాదులో కొత్తగా మొదలుపెట్టడం కూడా ప్రమాదమే. 2008లో వచ్చిన పాయిస్ అనే పెద్ద అధ్యయనంలో అలా చేసినవాళ్లలో గుండెపోట్లు తగ్గినా పక్షవాతాలు, మరణాలు పెరిగాయి.

అమియోడరోన్ ఆపినా లాభం లేదు, అది శరీరంలో వారాలు నెలలు ఉండిపోతుంది. వాడుతున్నామని చెబితే చాలు, నాడి పడిపోతే అట్రోపిన్‌కు సరిగా స్పందించకపోవచ్చని మేం సిద్ధంగా ఉంటాం. డిగాక్సిన్ వాడేవాళ్లకు పొటాషియం తప్పకుండా చూస్తాం. నీరు పోవడానికి ఇచ్చే మాత్రతో, మన ఎండలకు, విరేచనాలకు పొటాషియం పడిపోయి ఉంటుంది. పొటాషియం తక్కువున్న గుండెకు డిగాక్సిన్ విషమవుతుంది. వెరాపమిల్, మెగ్నీషియం కండరాల మందు ప్రభావాన్ని పొడిగిస్తాయి. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజక్షన్లూ అంతే.

రక్తం పల్చబడే మాత్రల విషయం ఇంకా సున్నితం. వార్ఫరిన్‌ను సాధారణంగా 5 రోజుల ముందు ఆపి, రక్తం ఎంత పల్చగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చూస్తాం. ఎపిక్సబాన్, డాబిగట్రాన్‌లను ఆపరేషన్‌ను బట్టి, కిడ్నీల పనితీరును బట్టి ఒకటి నుంచి మూడు రోజులో, అంతకు కొంచెం ఎక్కువో ఆపుతాం. మెటల్ వాల్వు ఉన్నవాళ్లు పక్కింటివాళ్లు చెప్పారని ఆపేస్తే వాల్వు మీద గడ్డ కడుతుంది. వాళ్లకు హెపారిన్ ఇంజక్షన్ల అవసరం ఉందో లేదో కార్డియాలజిస్టు రాయాలి.

మాత్రల పేర్లు గుర్తులేకపోతే ఖాళీ అట్టలన్నీ ఒక కవరులో వేసి తీసుకురండి. "ఒక తెల్లది, ఒక గులాబీ రంగుది" అంటే నాకు అంతుచిక్కదు.

గుండెకు బ్యాటరీ వేశారు. కండరాల మందు, కరెంటు కత్తి పడతాయా?

పడతాయి, కొన్ని ఏర్పాట్లు చేసుకుంటే. ఆపరేషన్‌లో రక్తం ఆపడానికి వాడే కాటరీ కరెంటును పేస్‌మేకర్ గుండె చప్పుడుగా పొరబడి, "గుండె తనే కొట్టుకుంటోంది" అనుకుని ఆగిపోవచ్చు. స్కోలిన్ ఇచ్చినప్పుడు ఒళ్లంతా వచ్చే చిన్న అదురును కూడా కొన్ని పాత రకం బ్యాటరీలు అలాగే పొరబడతాయి. అందుకే నెమ్మదైన కండరాల మందు ఎంచుకుంటాం, కరెంటు రెండు మొనల మధ్యే తిరిగే బైపోలార్ కాటరీ అడుగుతాం, కాటరీ ప్లేటును కరెంటు బ్యాటరీ మీదుగా పోని చోట అంటిస్తాం.

అయస్కాంతం గురించి ఒక తేడా తెలుసుకోండి. మామూలు పేస్‌మేకర్ మీద పెడితే అది బయటి కరెంటును పట్టించుకోకుండా ఒకే వేగంతో కొడుతుంది. షాక్ ఇచ్చే బ్యాటరీ, అంటే ఐసీడీ మీద పెడితే షాక్ మాత్రమే ఆగుతుంది, పేసింగ్ పద్ధతి మారదు. రెండూ ఒకటే అనుకుంటే ముప్పు. ఐసీడీని ఆపినంతసేపూ బయటి షాక్ ప్యాడ్లు ఛాతీకి అంటించి ఉండాలి, మానిటర్ తీసేలోపే దాన్ని తిరిగి ఆన్ చేయాలి. వార్డుకు మారే ముందు "ఆన్ చేశారా సార్?" అని మీ ఇంటివాళ్లు అడగడంలో తప్పులేదు, అడగాలి.

పేస్‌మేకర్‌ను ఆపరేషన్‌కు ముందు ఏడాది లోపల, ఐసీడీని ఆరు నెలల లోపల ఒకసారి చెక్ చేయించి ఉండాలి. బ్యాటరీ వేసినప్పుడు ఇచ్చిన కార్డును బీరువాలో దాచకండి, వెంట తెచ్చుకోండి.

నడుముకు మత్తు ఇస్తే గుండెకు సేఫ్ కదా?

చాలామంది ఇదే అనుకుంటారు, కొందరు డాక్టర్లు కూడా అదే రాసేస్తారు. కాలు, తుంటి ఆపరేషన్లకు చాలాసార్లు మంచిదే, కండరాల మందు అవసరమే రాదు. కానీ వెన్నులో ఇచ్చిన మత్తు పైకి ఎక్కితే గుండెను పరుగెత్తించే నరాలు కూడా మొద్దుబారి నాడి పడిపోతుంది. వాల్వు బాగా సన్నబడినవాళ్లకు బీపీ ఒక్కసారిగా పడితే తట్టుకోలేరు. రక్తం పల్చబడే మాత్ర దిగకుండా వెన్నులో సూది వేస్తే అక్కడ రక్తం గడ్డకట్టి కాళ్లు పడిపోవచ్చు. ఏ మత్తు అన్నది ఆపరేషన్, వాల్వు, మాత్రలు మూడూ చూసి తేలుతుంది.

ల్యాప్రోస్కోపీలో గుండె ఆగినంత పని అయిందని మా వదినకు చెప్పారు. అది కండరాల మందు వల్లేనా?

చాలావరకు కాదు. పొట్టలోకి గ్యాసు ఎక్కించినప్పుడు లోపలి పొర సాగి, ఒక నరం ద్వారా గుండెకు "నెమ్మదించు" అన్న ఆజ్ఞ పోతుంది. గ్యాసు వదిలేసి, అట్రోపిన్ ఇచ్చి, కాసేపాగి నెమ్మదిగా ఎక్కిస్తే సర్దుకుంటుంది. కంటి కండరం లాగినప్పుడూ ఇలాగే అవుతుంది. ఆపరేషన్ గదిలో లయ తప్పిందంటే నేను ముందు వెతికేది ఆక్సిజన్ తగ్గిందా, కార్బన్ డయాక్సైడ్ పెరిగిందా, మత్తు చాలడం లేదా, పొటాషియం ఎంత అని. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

నడుం నొప్పికి వేసుకునే కండరాల మాత్రలు కూడా ఇవేనా?

కావు, పేరు కలిసిందంతే. అవి మెదడు, వెన్నుపాము మీద పనిచేస్తాయి. అయితే లయ తేడా ఉన్నవాళ్లు వాటితోనూ జాగ్రత్త. టిజానిడిన్ బీపీనీ నాడినీ తగ్గిస్తుంది, సిప్రోఫ్లాక్సాసిన్‌తో కలిపి అసలు వేసుకోకూడదు. సైక్లోబెంజప్రిన్ హార్ట్ బ్లాక్, లయ తేడాలు ఉన్నవాళ్లకు నిషిద్ధం.

ఆపరేషన్ రోజు పొద్దున కొంచెం ఉగ్గాని తినొచ్చా?

వద్దు. ఉగ్గాని, బజ్జీ లాంటి నూనె పదార్థాలకు 8 గంటలు, తేలిక తిండికి 6 గంటలు ఆగాలి. మంచినీళ్లు మాత్రం 2 గంటల ముందు వరకు తాగవచ్చు. మే నెల ఎండల్లో అర్ధరాత్రి నుంచి నీళ్లు కూడా ముట్టకుండా మధ్యాహ్నం వరకు అవ్వను కూర్చోబెడితే నాడి పరుగెత్తకేం చేస్తుంది?

చిన్న నర్సింగ్ హోంలో చేయించుకోవచ్చా, పెద్దాసుపత్రికే పోవాలా?

నాలుగు సంగతులు అడగండి. షాక్ మిషన్ ఉందా, పనిచేస్తోందా? ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూపించే మానిటర్ ఉందా? మత్తు డాక్టరు ఆపరేషన్ అయ్యేవరకూ అక్కడే ఉంటారా? రాత్రి లయ తప్పితే ఐసీయూ ఎక్కడ? నా ఉద్యోగం కొత్తలో ఒక ఊళ్లో షాక్ మిషన్ అవసరపడింది. గోడకు ఉంది, కానీ చార్జింగ్ లేదు. పక్క వీధి నుంచి తెచ్చేలోపు మందులతోనే లయ సర్దుకుంది, మనిషి దక్కాడు. అప్పటి నుంచి ఏ థియేటర్‌లో అడుగుపెట్టినా ముందు ఆ మిషన్ ఆన్ చేసి చూశాకే సిరంజి పట్టుకుంటాను.

సాధారణ ఎక్స్‌ట్రా బీట్స్ ఉన్నవాళ్లకు మంచి నర్సింగ్ హోం చాలు. వాల్వు జబ్బు, పూర్తి బ్లాక్, లాంగ్ క్యూటీ, ఐసీడీ ఉంటే కార్డియాలజీ ఉన్న చోటికే పోండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, కడప రిమ్స్, అనంతపురం ప్రభుత్వాసుపత్రి ఉన్నాయి. 1991లో మొదలైన పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లు ఉచితంగానే చేస్తారు. ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో మీ ఆపరేషన్ వస్తుందో లేదో ఆసుపత్రిలో ఉండే ఆ పథకం సిబ్బందిని అడిగితే చెబుతారు.

అర్జెంటు ఆపరేషన్ అయితే? ఇన్ని పరీక్షలకు టైం ఉండదు కదా?

ఉండదు, ఉన్నంతలో చేస్తాం. ఈసీజీ, పొటాషియం అరగంటలో వస్తాయి. పేగు పగిలిన మనిషికి దడ వస్తే, ఆ దడకు మందు చాలాసార్లు ఆపరేషనే. బీపీ పడిపోయేంత వేగంగా కొట్టుకుంటుంటే చిన్న మత్తు ఇచ్చి కరెంట్ షాక్‌తో లయ సరిచేసి, అప్పుడు ముందుకు పోతాం.

ఇంటికి వెళ్లాక ఏం చూసుకోవాలి?

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కొత్తగా రావడం ఆపరేషన్ అయిన రెండు మూడు రోజుల్లో ఎక్కువ. అంటే డిశ్చార్జి అయ్యే సమయానికే. కూర్చున్నప్పుడు కూడా నాడి నిమిషానికి 110 దాటి ఉండటం, కళ్లు బైర్లు కమ్మడం, పడుకుంటే ఆయాసం, మాట తడబడటం, మూతి వంకర పోవడం, వీటిలో ఏది కనిపించినా పొద్దున చూద్దాంలే అనుకోకుండా 108కి ఫోన్ చేయండి. రక్తం పల్చబడే మాత్ర మళ్లీ ఏ తేదీ నుంచి మొదలుపెట్టాలో డిశ్చార్జి కాగితంలో అంకెల్లో రాయించుకోండి. ఆపమన్న మాట అందరికీ గుర్తుంటుంది, మళ్లీ మొదలుపెట్టాల్సిన తేదీ మర్చిపోయి మూడు వారాలకు పక్షవాతంతో వచ్చినవాళ్లను చూశాను. ఈసారి వాడిన మందుల పేర్లు కూడా ఆ కాగితంలోనే ఉండాలి. తర్వాతి ఆపరేషన్‌కు ఆ కాగితం ఉంటే మళ్లీ మొదటి నుంచి వెతుక్కునే పని మాకు ఉండదు.